ఒక్క స్వరానికి చెవి ఒగ్గిన యంత్రం

మన పెద్దల కాలంలో ఊళ్ళో ముఖ్యమైన కబురేదైనా చెప్పవలసి వస్తే టముకు వేయించేవారు. టముకు వేసే మనిషి వీధి మొగలో నిలబడి ముందు నాలుగు దెబ్బలు కొట్టేవాడు. ఆ దెబ్బలకు అర్థమంటూ ఏమీ లేదు. "వినండి" అని చెప్పడమొక్కటే వాటి పని. వంటింట్లో పొయ్యి ముందున్న ఇల్లాలూ, పెరట్లో కట్టెలు కొట్టుకుంటున్న యజమానీ, అరుగు మీద కునుకు తీస్తున్న తాతగారూ ఆ మోత చెవిని పడగానే చేస్తున్న పని ఆపి వీధిలోకి తొంగిచూసేవారు. అప్పుడు గాని అతడు అసలు సంగతి చాటేవాడు కాదు.

ఈ ఏర్పాటులో ఎంత తెలివి ఉన్నదో మనం ఎన్నడూ ఆలోచించి ఉండము. ముందు గుర్తు, తరువాత కబురు. గుర్తు ఎప్పుడూ ఒక్కటే కనుక సగం నిద్రలో ఉన్నవాడైనా దానిని పోల్చుకోగలడు. కబురు రోజుకొక తీరుగా ఉంటుంది కనుక దానికి పూర్తి మెలకువ కావాలి.

ఈనాడు టముకు చేసే పనిని విద్యుత్తుతో పుట్టించిన ఒక స్వరం చేస్తున్నది. దానిని పోల్చుకునే చెవి పనిని కంప్యూటరు చేస్తున్నది. ఎడతెగకుండా సాగిపోయే ప్రసారంలో మాటలనూ, పాటలనూ, ప్రకటనలనూ పట్టించుకోకుండా, ముందుగా అనుకున్న ఒక్క స్వరం వినబడగానే "ఇదిగో వచ్చింది" అని లేచే ప్రోగ్రామును రాయవచ్చు. ఇది కుర్రవాళ్ళ కాలక్షేపంగా కనబడవచ్చు. కాని సముద్రం ఒడ్డున పుట్టిన కుటుంబాలకు ఇది ప్రాణాలతో ముడిపడిన సంగతి. అందుకే ఈ నాలుగు మాటలు.

యానాం ఉనికి పాఠకులలో చాలామందికి తెలిసినదే. గౌతమీ గోదావరి నుండి కొరంగి పాయ విడిపోయే చోట, సముద్రానికి కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న ఊరు. రెండు శతాబ్దాలకు పైగా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, 1954లో ఆ పాలన నుండి బయటపడి, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశంలో చేరింది. నాలుగు పక్కలా ఆంధ్ర దేశమే అయినా పాలన పుదుచ్చేరిది. గాలివానకు మాత్రం ఈ సరిహద్దులు పట్టవు. అందుచేతనే వాతావరణ శాఖవారు "కోస్తా ఆంధ్రప్రదేశ్, యానాం" అని రెండింటినీ ఒకే గాటన కట్టి చెబుతూ ఉంటారు.

పక్కనున్న కొరంగి ఒకప్పుడు పేరుపడ్డ ఓడరేవు. బర్మాలోనూ, మారిషస్‌లోనూ మన తెలుగువాళ్ళను "కొరంగీలు" అని పిలవడానికి కారణం ఆ రేవే. మన సంఘంలోనే ఆ పేరు విన్న ముసలివారు ఉండవచ్చు. అటువంటి కొరంగిని 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి ఉప్పెన ముంచెత్తింది. తుపానుకు "సైక్లోన్" అనే ఇంగ్లీషు పేరును 1848లో వాడుకలోకి తెచ్చిన కలకత్తా పండితుడు హెన్రీ పిడింగ్టన్ ఆ 1789 నాటి కొరంగి ఉప్పెనను గురించి కూడా రాశాడు. ఆ రేవు ఓడలు పోయినవి, పేరు మాత్రం మిగిలింది.

మా తరానికి జ్ఞాపకం ఉన్న తుపానులు రెండు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్నది ఒకటి. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా, మన యానాం చేరువలో తీరం దాటినది రెండవది. ఆ రెండవ దానిలో వెయ్యిమందికి పైగా పోయారు. వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రానే లేదు. కోనసీమ కొబ్బరిచెట్లు తలలు తెగి నిలబడ్డాయి.

ఆ రోజున నేను దీపావళి పండుగకని యానాంలో మా అక్కయ్యగారింటికి వచ్చి ఉన్నాను. సాయంకాలానికే కరెంటు పోయింది. బావగారి దగ్గర బ్యాటరీల ట్రాన్సిస్టరు ఒకటి ఉన్నది. ప్రాంతీయ వార్తలు విన్న తరువాత, "బ్యాటరీలు అయిపోతే రేపటికి ఏమీ ఉండదు" అని ఆయన దానిని ఆపి బీరువాలో పెట్టారు. అది మంచి గృహస్థు చేసే పనే. కాని ఆ రాత్రి గాలి ఈలలు వేస్తున్నప్పుడు, పైకప్పు పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్నప్పుడు, మాకు బయటి లోకం సంగతి ఏదీ తెలియదు. గాలి తగ్గితే తుపాను పోయిందనుకోవాలో, దాని కన్ను దాటుతున్నదనుకోవాలో చెప్పేవారు లేరు. మాట్లాడగలిగిన యంత్రం బీరువాలో నోరు మూసుకుని కూర్చున్నది. ఎవరి తప్పూ లేదు. ఆపివేసిన రేడియో ఏమీ వినదు, వినిపించదు. అంతే.

ఆనాడు మంచం కింద దుప్పటిలో ముడుచుకుని పడుకున్న మా మేనల్లుడు ఈనాడు కంప్యూటరు ఉద్యోగి. పోయిన సంక్రాంతికి యానాంలో కలుసుకున్నప్పుడు ఈ మాట వచ్చింది. "మావయ్యా, సెట్టును పూర్తిగా ఆపకుండా, నోరు మూయించి చెవి మాత్రం తెరిచి ఉంచితే సరిపోదూ?" అన్నాడు. "ఏమిట్రా ఆ మాట?" అన్నాను. అప్పుడు చెప్పుకొచ్చాడు.

నిజానికి ఆ ఆలోచన మన దేశానికి కొత్త కాదు. ఇన్సాట్ ఉపగ్రహాలు వచ్చిన తరువాత 1980 దశకంలోనే వాతావరణ శాఖవారు తీరం పొడుగునా తుపాను హెచ్చరికల కోసమని ప్రత్యేకమైన గ్రాహక యంత్రాలను పెట్టించారు. కార్యాలయాలలో, తీరగ్రామాలలో అవి ఎప్పుడూ మౌనంగా ఉండేవి. ఒక్కొక్క యంత్రానికి ఒక సంకేతం ఉండేది. విశాఖపట్నం తుపాను హెచ్చరిక కేంద్రం వంటి చోట నుండి ఆ సంకేతంతో ప్రసారం బయలుదేరి, ఉపగ్రహం మీదుగా వచ్చి, ఏ ఊళ్ళకు ప్రమాదమున్నదో ఆ ఊళ్ళ యంత్రాలను మాత్రమే లేపేది. లేవగానే సైరను మోగేది. తరువాత తెలుగులో హెచ్చరిక వినబడేది. చూశారా, మళ్ళీ మన టముకే! ముందు దెబ్బలు, తరువాత కబురు. అదనంగా వచ్చిన సుగుణమల్లా ఏమిటంటే, నెల్లూరికి ప్రమాదమైతే యానాం వాళ్ళ నిద్ర చెడగొట్టదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇటువంటిదే మరొకటి పరిచయం. అక్కడి వాతావరణ రేడియో ప్రమాద సమయంలో సెకనుకు 1050 కంపనాలు గల స్వరాన్ని కొద్ది సెకన్లు వినిపిస్తుంది. ఇంట్లో మౌనంగా ఉన్న పెట్టె ఆ స్వరం వినగానే గొంతు విప్పుతుంది. అక్కడి అత్యవసర ప్రసారాలకు 853, 960 కంపనాల స్వరాలను రెండింటినీ కలిపి వాడతారు. ఆ జంట ఎంత కర్ణకఠోరమంటే సంగీతంలో ఎవరూ కావాలని వాయించరు. పొరపాటు పడడానికి వీలులేని గుర్తు కావాలి కదా!

ఇక యంత్రం ఆ స్వరాన్ని ఎట్లా పోల్చుకుంటుంది? యంత్రానికి ధ్వని అంటే అంకెల వరుస. మైకు ముందు గాలి ఎంత ముందుకు నెట్టిందో, ఎంత వెనక్కు లాగిందో సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి రాసుకుంటుంది. టెలిఫోనులో సెకనుకు 8000 కొలతలు వాడతారు. మాట అయినా, పాట అయినా, ఏడుపైనా అదంతా అంకెలే. ఆ అంకెల్లో ఫలానా స్వరం దాగి ఉన్నదా అనేదే ప్రశ్న.

దీనికి ఉయ్యాల ఉపమానం చక్కగా సరిపోతుంది. ఉయ్యాలకు తనదంటూ ఒక లయ ఉన్నది. ఆ లయకు సరిగ్గా చిన్నపిల్ల వేలితో తోసినా అది క్రమంగా ఎత్తుకు లేస్తుంది. లయ తప్పి పహిల్వాను తోసినా ఒక తోపును మరొక తోపు చెరిపివేసి ఉయ్యాల అక్కడే తచ్చాడుతుంది. కంప్యూటరులో మనం అంకెలతో ఒక ఉయ్యాలను కడతాము. మనకు కావలసిన స్వరమే దాని లయ. వచ్చే ధ్వనిని దానిమీద తోపులుగా వేస్తూ పోతాము. కొద్ది సేపటికి ఉయ్యాల ఎత్తుకు ఊగితే స్వరం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఈ లెక్కను 1958లో జెరాల్డ్ గోర్ట్‌జెల్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. లెక్క ఎంత చిన్నదో చూడండి. సెకనుకు 8000 కొలతలనుకుందాం, మనకు కావలసినది 1000 కంపనాల స్వరమనుకుందాం. వెయ్యిని ఎనిమిది వేలతో భాగించి 360 డిగ్రీలతో గుణిస్తే 45 డిగ్రీలు. దాని కొసైనుకు రెట్టింపు 1.414. ఇక కావలసినవి రెండే గళ్ళు. ఒకదానిలో నిన్నటి ఊపు, మరొకదానిలో మొన్నటి ఊపు. కొత్త కొలత రాగానే, నిన్నటి ఊపును 1.414తో గుణించి, కొత్త కొలతను కలిపి, మొన్నటి ఊపును తీసివేస్తే నేటి ఊపు వస్తుంది. ఆపైన నిన్నటిది మొన్నటిదవుతుంది, నేటిది నిన్నటిదవుతుంది. 400 కొలతలు అయ్యేవరకు ఇట్లా చేసి, చివరకు రెండు గళ్ళలోని ఊపుల వర్గాలను కూడి, వాటి లబ్ధానికి 1.414 రెట్లు తీసివేస్తే స్వరబలం తేలుతుంది. మళ్ళీ గళ్ళు తుడిచి సున్నాతో మొదలు. 400 కొలతలంటే సెకనులో ఇరవయ్యో వంతు. అణా కానీల పద్దు రాసిన మన తాతలు చేయలేని లెక్క కాదిది. వాళ్ళు అంత వేగంగా చేయలేరు, అంతే.

ఈ పని మనం ఎరగనిదేమీ కాదు. ఫోనులో "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అంటారు కదా? 1963లో అమెరికాలో వచ్చిన ఆ మీటల పద్ధతిలో ఒక్కొక్క మీటకు రెండేసి స్వరాలు. ఐదు నొక్కితే 770, 1336 కంపనాలు కలిసి మోగుతాయి. అవతలి యంత్రం సరిగ్గా ఇటువంటి ఉయ్యాలలను ఎనిమిదింటిని కట్టుకుని ఏ రెండు ఊగాయో చూసి అంకె చెప్పగలదు.

మా మేనల్లుడు ఆ సంక్రాంతికే పరీక్ష పెట్టాడు. ఒక ఫోనును డాబా మీద ఉంచి, అది విన్న శబ్దం ఇంటర్నెట్టు మీదుగా అప్పటికప్పుడు కింద గదిలోని లాప్‌టాప్‌కు చేరేటట్టు చేశాడు. మరొక ఫోనుతో 1000 కంపనాల స్వరం మోగించాడు. లాప్‌టాప్ గంట కొట్టింది. అందరమూ భేష్ అన్నాము. పావుగంటకు మళ్ళీ కొట్టింది. స్వరం మోగించినవారెవరూ లేరు. వీధిలో పెళ్ళివారి సన్నాయి! తరువాత మా అక్కయ్య కుక్కరు ఈలకు ఒకసారి, లారీ హారనుకు ఒకసారి. "నీ యంత్రానికి నా పప్పు ఉడికిన సంగతి కూడా తుపానేనట్రా?" అని అక్కయ్య నవ్వింది.

తప్పెక్కడున్నదో వాడు వెంటనే గ్రహించాడు. ఉయ్యాల ఎంత ఎత్తు ఊగిందనేది మాత్రమే చూశాడు. పెద్ద శబ్దం ఏదైనా సరే దానిని కాస్త కదిలిస్తుంది. చూడవలసినది ఎత్తు కాదు, పాలు. మొత్తం శబ్దంలో మన స్వరానిది ఎంత వంతు అని లెక్కకట్టాలి. స్వరబలానికి రెట్టింపును, కొలతల వర్గాల మొత్తంతోనూ, కొలతల సంఖ్యతోనూ భాగిస్తే, శుద్ధమైన స్వరానికి ఒకటికి దగ్గరగా వస్తుంది. సన్నాయిలో మూలస్వరంతో పాటు దాని పై స్వరాలు ఎన్నో ఉంటాయి కనుక వంతు పంచుకుపోతుంది. కుక్కరు ఈలలో బుసే ఎక్కువ. ఇక రెండవ షరతు, కాలం. మనిషి గొంతు ఒక్క స్వరం మీద రెప్పపాటు నిలిచినా, అదే స్థాయిలో రెండు సెకన్లు నిలవడం అరుదు. కనుక రెండు సెకన్లలోని 40 కట్టలలో కనీసం 36 కట్టలైనా పరీక్ష నెగ్గితేనే గంట కొట్టాలని పెట్టాడు. నలభైకి నలభై అనకపోవడానికి కారణం, దారిలో ఒకటి రెండు ముక్కలు చెడిపోయినంత మాత్రాన నిజమైన హెచ్చరికను తోసిపుచ్చకూడదు. ఆ తరువాత పప్పు ఎన్నిసార్లు ఉడికినా లాప్‌టాప్ పలకలేదు.

ప్రవహించే ధ్వనికి మరికొన్ని పేచీలున్నవి. ఇంటర్నెట్టులో అది ధారగా రాదు, చెంబులు చెంబులుగా వస్తుంది. ఒక చెంబులో 300 కొలతలు, మరొక దానిలో 1100. మన లెక్కకు 400 చొప్పున కావాలి. కనుక వచ్చినదంతా ఒక తొట్టిలో పోసుకుని, 400 చొప్పున ముంచుకుని, మిగిలినది తరువాతి దానికి ఉంచుకోవాలి. మిగిలినదాన్ని పారబోస్తే స్వరం అతుకు తప్పి తెగిపోతుంది. మరొకటి, కొలతల వేగం. ప్రసారం సెకనుకు 44,100 కొలతలతో వస్తుంటే ప్రోగ్రాము దానిని 48,000 అనుకున్నదనుకోండి. 1000 కంపనాల స్వరం దానికి 1088గా వినబడుతుంది. ఉయ్యాల లయే మారిపోయింది. ఎంత మోగినా లేవదు. మూడవది, ఆలస్యం. బి.బి.సి.వారు 1924 ఫిబ్రవరి నుండి గంట గంటకూ వినిపిస్తున్న ఆరు చుక్కల కాల సంకేతం ఇంటర్నెట్టులో కొన్ని సెకన్లు వెనుకబడి వస్తుంది. దానితో గడియారం దిద్దుకోకూడదు. తుపానుకు ఆ జాప్యం లెక్కలోనిది కాదు. భూకంపానికైతే అదే ప్రాణాంతకం.

ఇంతకూ ఇందులో అసలు చిక్కు లెక్క కాదు, న్యాయం. పరీక్ష మరీ సులువు చేస్తే యంత్రం ఊరికే కూస్తుంది. నాలుగు రాత్రులు ఉత్తపుణ్యానికి లేచినవాడు ఐదవ రాత్రి దాని తీగ పీకివేసి పడుకుంటాడు. "నాన్నా పులి" కథ మనకు తెలిసినదే కదా. అమెరికాలో నిజమైన ప్రమాదమో, అనుమతించిన పరీక్షో లేకుండా ఆ హెచ్చరిక స్వరాలను ప్రసారం చేయడం నియమ విరుద్ధమన్నది కూడా ఇందుకే. పరీక్ష మరీ కఠినం చేస్తే నిజమైన పులి వచ్చిన రోజున యంత్రం నిద్రపోతుంది. ఎంతవరకు సహించాలి, ఎక్కడ నమ్మాలి అన్నది యంత్రం తేల్చదు. రాసే మనిషి తేల్చాలి.

ఇవన్నీ అయిన తరువాత నేను వాడినొక ప్రశ్న అడిగాను. "ఒరేయ్, ప్రసారమే ఆగిపోతే నీ యంత్రం ఏమంటుంది?" వాడు కొంచెంసేపు ఆలోచించి, "ఏమీ అనదు మావయ్యా. స్వరం లేదనుకుంటుంది" అన్నాడు. "1996లో మన ట్రాన్సిస్టరు కూడా ఏమీ అనలేదురా" అన్నాను. వాడికి నవ్వు రాలేదు.

ఓడరేవులలో ఎగురవేసే ప్రమాద సూచికలు మీరు వార్తలలో వింటూ ఉంటారు. మూడవ నంబరు, ఏడవ నంబరు, పదవ నంబరు. పది మహా ప్రమాదానికి గుర్తు. దాని పైన పదకొండు ఒకటి ఉన్నది. హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిపోయిందనీ, వాతావరణం చెడే ప్రమాదమున్నదని స్థానికాధికారి భావిస్తున్నాడనీ దాని అర్థం. అంటే, కబురు రాకపోవడాన్నే వాళ్ళు అన్నిటికంటె పై గుర్తుగా పెట్టారు. ఎంత అనుభవం మీద వచ్చిన బుద్ధి అది!

ఆ రాత్రే మా మేనల్లుడు ప్రోగ్రాములో మరి నాలుగు పంక్తులు చేర్చాడు. పది సెకన్లపాటు ధ్వని రాకపోయినా, వచ్చినదంతా సున్నాలే అయినా, యంత్రం వేరొక గొంతుతో పిలుస్తుంది. దానికి వాడు పెట్టిన పేరు "పదకొండవ నంబరు".

ఇంట్లో కట్టుకున్న ఇటువంటి యంత్రం ప్రభుత్వ హెచ్చరికకు బదులు కాదని వేరే చెప్పనక్కరలేదు. 2023లో మన దేశంలో సెల్‌ఫోన్లు ఒక్కసారిగా పెద్ద మోతతో పరీక్షా హెచ్చరికలు చూపడం చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. అక్కడ కబురు అక్షరాలుగానే వస్తుంది, మోతను ఫోనే పుట్టిస్తుంది, స్వరాన్ని వెతకవలసిన పనే లేదు. కాని టవరు పడిపోయి రేడియో ఒక్కటే మిగిలిన రాత్రి, ధ్వనిలోనే గుర్తును వెతుక్కోవలసి వస్తుంది. రెండు దారులూ ఉండడం మేలు.

దూరాన స్థిరపడిన మనలో చాలామందికి గోదావరి ఒడ్డున ఒక అక్కయ్యో, పిన్నిగారో, ఒంటరిగా ఉన్న తాతగారో ఉంటారు. తుపాను రోజుల్లో వాళ్ళ నుండి కబురు వస్తే వింటాము. రాకపోతే "బాగానే ఉండి ఉంటారులే" అనుకుని ఊరుకుంటాము. యంత్రానికి నేర్పిన ఆ నాలుగు పంక్తులు మనకూ అవసరమే. ఈసారి కబురు రాని రోజున ఊరుకోకండి. ఫోను తీసి మీరే పిలవండి.